స్వాల్‌బార్డ్‌లో విదేశీయుల ఓటు తీసేయడం న్యాయమేనా?

హిమబిందు:
"వీసా అక్కర్లేకుండా బతికే చోటు" అని స్వాల్‌బార్డ్ గురించి ఈ మధ్య చాలా వీడియోలు తిరుగుతున్నాయి. నేను అక్కడ హోటల్ పనిలో నాలుగేళ్లు ఉండి వచ్చాను. ఆ వీడియోల్లో ఎవరూ చెప్పని విషయం ఒకటి ఇక్కడ చర్చకు పెడుతున్నాను.

స్వాల్‌బార్డ్ అంటే నార్వేకీ ఉత్తర ధ్రువానికీ మధ్యలో ఉన్న దీవులు. సగానికి పైగా నేల హిమానీనదాల కిందే ఉంటుంది. చెట్టనేది కనిపించదు. అన్నిటికంటే పెద్ద ఊరు లాంగియర్‌బ్యెన్. అందులో ఉండేది సుమారు 2,500 మంది. వాళ్లలో దాదాపు మూడో వంతు విదేశీయులు, ముఖ్యంగా థాయ్‌లాండ్, ఫిలిప్పీన్స్ వాళ్లు. హోటళ్లు, వంటశాలలు, క్లీనింగ్, దుకాణాలు ఎక్కువగా వీళ్ల చేతుల మీదే నడుస్తాయి.

2002 నుంచి ఈ ఊరికి 15 మంది సభ్యుల కౌన్సిల్ ఉంది. కొన్నేళ్లు ఊళ్లో ఉన్న విదేశీయులు కూడా దానికి ఓటేసేవారు. 2022లో నార్వే ప్రభుత్వం నిబంధన మార్చింది. ఇప్పుడు విదేశీయుడు ఓటేయాలంటే అంతకుముందు నార్వే ప్రధాన భూభాగంలో మూడేళ్లు నివసించి ఉండాలి. స్వాల్‌బార్డ్‌లో ఇరవై ఏళ్లున్నా లెక్కలోకి రాదు. 2023 అక్టోబరు ఎన్నికలు ఈ కొత్త నిబంధనతోనే జరిగాయి.

నాతో పనిచేసిన ఒక ఫిలిప్పీన్స్ అక్క 11 ఏళ్లుగా అక్కడే ఉంది. కొడుకు అక్కడి బడిలో నార్వేజియన్‌లో చదువుతున్నాడు. బడిని నడిపేది కౌన్సిల్. ఊరంతటికీ పైపుల్లో వేడి నీళ్లు, కరెంటు ఇచ్చేదీ కౌన్సిల్ కింద ఉన్న సంస్థే. 2023లో బొగ్గు విద్యుత్ కేంద్రం మూసి డీజిల్‌కు మారారు. ఆ ఖర్చు ఎలా సర్దుకోవాలో తేల్చే చోట ఆమెకు ఒక్క మాట చెప్పే హక్కు లేదు. నాకైతే ఇది అన్యాయం అనిపిస్తుంది. మీరేమంటారు?

కువైట్ రాజు:
అమ్మా, నేను కువైట్‌లో 19 ఏళ్లు డ్రైవర్‌గా చేశాను. మాకు ఓటు ఊసే లేదు. పనికి వెళ్లాం, జీతం ఇంటికి పంపాం, వచ్చేశాం. మా కోనసీమలో సగం ఇళ్లు అలా కట్టినవే. వాళ్ల దేశం, వాళ్ల ఇష్టం. పైగా వీసా కూడా అడగని చోట ఓటు కూడా కావాలంటే ఎలా?

హిమబిందు:
రాజు గారూ, ముందు వీసా సంగతి. స్వాల్‌బార్డ్‌కు వీసా అక్కర్లేదన్నది నిజమే. కానీ విమానం నార్వే మీదుగానే వెళ్తుంది కాబట్టి మనలాంటి వాళ్లకు యూరప్ షెంగెన్ వీసా తప్పదు. ఇక అక్కడ సాంఘిక సహాయం అంటూ ఏమీ లేదు. ఉద్యోగం పోయి, చేతిలో డబ్బు అయిపోయి, సొంతంగా బతకలేకపోతే నార్వే నియమించిన గవర్నర్ పంపించేయవచ్చు. ఇవన్నీ ఒప్పుకునే వెళ్తాం.

కువైట్‌లో మీకు ఎప్పుడూ లేని హక్కు గురించి మీరు చెబుతున్నారు. ఇక్కడ ఉన్న హక్కును తీసేశారు. నా బాధ అదే. 2019లో ఓటేసిన మనిషిని 2023లో నువ్వు ఈ ఊరిదానివి కాదు అన్నారు.

శ్రీధర్:
నేను నార్వే వైపు మాట్లాడతాను. ఎందుకంటే స్వాల్‌బార్డ్ ఒప్పందం చదవకుండా ఈ విషయం అర్థం కాదు.

1920లో పారిస్‌లో సంతకాలు జరిగాయి. బ్రిటిష్ పాలనలో ఉన్న భారతదేశం కూడా అందులో ఉంది. ఒప్పందం ప్రకారం దీవుల మీద సార్వభౌమాధికారం నార్వేది. కానీ సంతకం పెట్టిన దేశాల పౌరులందరికీ వేట, చేపలు, గనులు, వ్యాపారం విషయంలో సమాన అవకాశం ఇవ్వాలి. పన్ను కూడా దీవుల అవసరాలకు సరిపడా మాత్రమే వసూలు చేయాలి. అందుకే అక్కడ పన్ను అంత తక్కువ.

అంటే నార్వేకు తలుపు వేసే వీల్లేదు. ఎవరు ఎంతమంది వస్తారో దాని చేతిలో లేదు. అదే సమయంలో బడికి, ఆసుపత్రికి, మంచు చరియలను ఆపే కంచెలకు పెద్ద మొత్తం నార్వే రాజధాని ఓస్లో నుంచే వస్తుంది. అవే దీవుల్లో బారెంట్స్‌బర్గ్ అనే రష్యా ప్రభుత్వ కంపెనీ ఊరు ఉంది. 2022 జనవరిలో స్వాల్‌బార్డ్‌కు వెళ్లే సముద్రగర్భ కేబుల్ ఒకటి దెబ్బతింది. 2024లో అక్కడి ప్రైవేటు భూమి అమ్మకానికి వస్తే, భద్రత కారణంగా నార్వే అడ్డుకుంది. ఇంత సున్నితమైన చోట కౌన్సిల్‌లో రేపు విదేశీయుల మెజారిటీ వస్తే ఏ దేశమైనా టెన్షన్ పడదా?

హిమబిందు:
ఓటు తీసేసే ప్రతిపాదన 2021లోనే వచ్చింది శ్రీధర్ గారూ, ఉక్రెయిన్ యుద్ధానికీ ఈ కేబుల్ ఘటనకూ ముందే. పైగా ఆ కౌన్సిల్‌కు సైన్యం, పోలీసు, విదేశాంగం ఏవీ లేవు. అవి గవర్నర్, ఓస్లో చూసుకుంటాయి. గదులు శుభ్రం చేసే ఆవిడ చెత్తబండి గురించి ఓటేస్తే సార్వభౌమాధికారానికి ఏం ప్రమాదం?

మైత్రి:
నేను పరిశోధన పని మీద రెండు వేసవులు స్వాల్‌బార్డ్‌లోని పరిశోధన ఊరు నీ-ఓలెసుండ్‌లో ఉన్నాను. మన దేశపు 'హిమాద్రి' పరిశోధన కేంద్రం 2008 నుంచి అక్కడే ఉంది. సున్నితమైన రేడియో పరికరాల కోసం ఆ ఊళ్లో ఫోన్ వైఫై, బ్లూటూత్ ఆపేసుకుని తిరగాలి. ఊరు దాటితే ధ్రువపు ఎలుగుబంటి భయం. తుపాకీ పట్టిన మనిషి తోడు లేకుండా నమూనాలకు వెళ్లేవాళ్లం కాదు.

నన్ను ఆలోచింపజేసిన సంగతి ఒకటి చెబుతాను. గ్రీన్‌లాండ్‌లో లాగా స్వాల్‌బార్డ్‌లో మూలవాసులు లేరు. 1596లో డచ్ నావికుడు బారెంట్స్ ఓడ చూసేనాటికి అది మనుషులు లేని నేల. తర్వాత వేటగాళ్లు వచ్చారు, గనులవాళ్లు వచ్చారు. లాంగియర్‌బ్యెన్ అన్న పేరే 1906లో అక్కడ గని తెరిచిన అమెరికన్ లాంగియర్‌ది. ఇప్పటికీ గర్భిణులు నెల నిండేముందు ప్రధాన భూభాగానికి వెళ్లిపోవాలి. శవపేటికతో పూడ్చరు, అనుమతి ఉంటే చితాభస్మం మాత్రమే. నార్వే వాళ్లు కూడా చాలామంది కొన్నేళ్లుండి వెళ్లిపోయేవాళ్లే.

మరి అక్కడ స్థానికుడంటే ఎవరు? నిన్నగాక మొన్న ఓస్లో నుంచి వచ్చి పేరు నమోదు చేసుకున్నవాడా, పదకొండు చీకటి చలికాలాలు దాటిన మనిషా? అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి మధ్య దాకా సూర్యుడు కనపడడు. కొండలు అడ్డు కాబట్టి ఊళ్లోకి ఎండ వచ్చేసరికి మార్చి 8. పాత ఆసుపత్రి మెట్ల దగ్గర పిల్లలూ పెద్దలూ చేరి ఎండ కోసం ఎదురు చూస్తారట. ఆ గుంపులో ఎవరు ఎవరో పాస్‌పోర్టు చూసి చెప్పాలంటే నాకు మనసొప్పదు.

శ్రీధర్:
మైత్రి గారు చెప్పినదే నా వాదనకూ పనికొస్తుంది. ఎవరూ శాశ్వతం కాని ఊరది. మూలవాసులు లేరు కాబట్టే అక్కడ సమాజం నార్వే నిలబెడితేనే నిలుస్తుంది. స్వాల్‌బార్డ్‌లో ఉన్న కాలం నార్వే శాశ్వత నివాసానికీ పౌరసత్వానికీ లెక్కకు రాదు. అది కఠినమే కానీ, ఓటు నిబంధన ఆ లెక్కకు అనుగుణంగానే ఉంది.

హిమబిందు:
శాశ్వతం కాదంటే ప్రాణం మీదకు వచ్చే ప్రమాదాలు కూడా తాత్కాలికమా? 2015 డిసెంబరు 19న కొండ మీది మంచు జారి 11 ఇళ్లను లాక్కుపోయింది. ఇద్దరు చనిపోయారు, ఒకరు రెండేళ్ల పాప. 2017లో మళ్లీ జారింది. ఆ తర్వాత కొండ కింద ఇళ్లు చాలా కూల్చేశారు. అద్దె ఇల్లు దొరకడం ఇంకా కష్టమైంది. నా జీతంలో ఎక్కువ భాగం ఒక గదికే పోయేది. ఏ వీధి ఖాళీ చేయాలి, కొత్త ఇళ్లు ఎక్కడ అన్నవి ఊరి మాటలు. మంచు పౌరసత్వం చూసి జారదు కదండీ.

కువైట్ రాజు:
ఆ పాప సంగతి చదివాక కాసేపు ఏం రాయబుద్ధి కాలేదు. ఒకటి అడుగుతాను బిందమ్మా. మేం కువైట్‌లో భార్యాపిల్లల్ని తీసుకెళ్లలేదు, తీసుకెళ్లే జీతం లేదు. ఆ ఫిలిప్పీన్స్ అమ్మాయి కొడుకు అక్కడే పెరుగుతున్నాడంటున్నావు. అది వేరే సంగతే. రెండేళ్లకు వచ్చి పోయేవాళ్లకు నేను ఇప్పటికీ వద్దంటాను. పిల్లల్ని అక్కడి బడిలో వేసి పదేళ్లు ఉన్నవాళ్లకు ఇవ్వొచ్చు.

హిమబిందు:
పదేళ్లు పెట్టినా నాకు అభ్యంతరం లేదు రాజు గారూ. నాకు ఎలాగూ రాదు, ఆ అక్కకు వస్తుంది. ఆ ఊళ్లో ఉన్న ఏళ్లను ఆ ఊరి ఏళ్లుగా లెక్కపెట్టమనే నేను అడుగుతున్నది.

శ్రీధర్:
పదేళ్లకు నేనూ కాదనను. కానీ అది ఓటు వరకే. కౌన్సిల్‌కు పోటీ చేసే హక్కు మాత్రం నార్వే పౌరులకే ఉండాలంటాను.

హిమబిందు:
అక్కడ మీతో ఒప్పుకోలేను.