"ఆయ్" అంటే సరే అనా, విన్నాననా, ఎటకారమా? భీమవరంల కొత్తగ చేరిన, చెప్పుండ్రి

ఓరుగల్లు పోరడు
అన్నలూ నాది వరంగల్. భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్లాంట్ల క్వాలిటీ సెక్షన్ల చేరిన. ఇక్కడ నేనేం చెప్పినా లైన్ మీదున్నోళ్ళు "ఆయ్" అంటరు. 60 కౌంటు సైజు సరుకు ముందు గ్రేడింగ్ చెయ్యిండ్రి అంటే ఆయ్, టబ్బులల్ల ఐస్ తగ్గింది చూస్కోండ్రి అంటే ఆయ్, నాలుగింటికల్ల అయిపోవాలె అంటే ఆయ్. నాలుగైనంక పోయి చూస్తే సగం టబ్బులు గట్లనే ఉంటయ్, ఎందుకు కాలేదంటే మళ్ల "ఆయ్ అండి". నా పక్క టేబులాయన వీళ్ళు నిన్ను ఆట పట్టిస్తున్రు అంటడు, స్టోర్ల ఉండే ఆయన అది మర్యాద అంటడు. ఐస్ లేకుంటే రొయ్య మెత్తబడ్తది, తలకాడ నల్లగైతది, సరుకు పోతే నన్నే అడుగుతరు. ఒప్పుకున్నట్టా కాదా, ఒక్కటి చెప్పుండ్రి.

యనమదుర్రు గట్టు
ఎటకారం కాదు బాబూ, ముందు ఆ అనుమానం తీసేయండి. పెద్దోళ్ళో పైవాళ్ళో మాట్లాడుతుంటే ఉత్తినే ఊఁ కొట్టడం మాకు బాగోదు, ఊఁ అనేచోట ఆయ్ అంటాం అంతే. ఎవరైనా ఫోన్ మాట్లాడుతుంటే పక్కన నిలబడి వినండి, అవతలాయన చెప్తున్నంతసేపూ ఇటు నుంచి ఆయ్... ఆయ్... ఆయ్ అని వస్తూనే ఉంటది, అన్నిటికీ ఒప్పేసుకున్నట్టా? వింటున్నానండి అని. ఇంకో సంగతి, మా మాట చివర మేమే తగిలించుకుంటాం, "మాది ఆకివీడండి, ఆయ్" అని. అక్కడ ఎవరు ఏం చెప్పారని సరే అంటాం?

కొబ్బరాకు
గట్టు గారూ మీ మాట నేనొప్పుకోను. మా అంబాజీపేట వైపు కాయ బేరం చూడండి, వెయ్యి కాయ ఇంతకి, రేపు పొద్దున్నే లారీ పంపుతాం అంటే అవతలాయన ఆయ్ అన్నాడంటే కుదిరిపోయినట్టే. తెల్లారి కాదన్నాడంటే మాట తప్పాడనే అంటారు గానీ "పాపం విన్నానన్నాడంతే" అని ఎవరూ అనరు. పని చెయ్యకుండా తప్పించుకోడానికి మన మాటని అడ్డం పెట్టుకుంటే బయటోళ్ళ ముందు మన పరువే పోద్ది.

యనమదుర్రు గట్టు
బేరంలో రేటూ రోజూ ఇద్దరూ అరగంట మాట్లాడుకుని అప్పుడు అంటారు కదండీ ఆయ్. కుదిర్చింది ఆ అరగంట. ఇక్కడ ఈయన నడుచుకుంటూ వచ్చి చెప్పేసి వెళ్ళిపోతున్నాడు.

చప్టా మీద
నేను వేరేది చెప్తాను, కోపం తెచ్చుకోకండి. మా తాత పాలేరుతనం చేశాడు. కామందు అరుగు మీద కూచుని చెప్తుంటే కింద నిలబడి తలొంచుకుని ఆయ్, ఆయ్ అనేవాడని మా నాన్న చెప్పేవాడు. నాకు ఆ మాట వింటే అదే గుర్తొస్తది. ఇప్పుడు యూట్యూబ్‌లో గోదారోళ్ళంటే ఆయ్ అని అందరూ ముద్దుగా వాడుతున్నారు గానీ సూపర్‌వైజర్ ముందు కూలోళ్ళు అనే ఆయ్ ముద్దుగా ఉండదు. మా పిల్లలకి నేను అలవాటు చెయ్యలేదు.

యనమదుర్రు గట్టు
మీ తాతగారి సంగతి కాదనను. కానీ ఆ కామందే వియ్యంకుడు వస్తే ఆయ్ అనేవాడు, అల్లుడు మావగారితో అంటాడు, కాలేజీ పిల్లలు కూడా అంటారు. తెలుగుని నాలుగు మాండలికాలుగా విడదీసినప్పుడు మనల్ని కృష్ణా గుంటూరుతో కలిపి మధ్య మాండలికంలో పెట్టారు, కానీ నేను తెనాలిలో ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఈ మాట అక్కడివాళ్ళ నోట వినలేదు. నేను ఆయ్ అనగానే "గోదావరా?" అనేవారు. మనకంటూ ఉన్న మాట ఇది, ఒక్క పాలేరుకి అంటగడితే ఎలా?

చప్టా మీద
వియ్యంకుడికి వియ్యంకుడు తిరిగి ఆయ్ అంటాడు. పాలేరుకి కామందు తిరిగి అన్నాడా?

లంకల పిల్ల
అందరూ మగాళ్ళే మాట్లాడుతున్నారు, లైన్ మీద నిలబడేది మేము కాబట్టి నేను చెప్తాను. మా అమ్మా నేనూ ఇద్దరం తలలు తీసే పనికి వెళ్తాం (మీ ప్లాంటో కాదో తెలీదు), కిలోకింత అని ఇస్తారు కాబట్టి పని ఆపుకుని కూచుంటే మా డబ్బులే పోతాయి, కావాలని ఎవరూ లేట్ చెయ్యరు. సారు వచ్చి "నాలుగింటికి అయిపోవాలి" అంటాడు. ఈరోజు ఇద్దరు రాలేదండి, ఐస్ ఇంకా దిగలేదండి అని చెప్దామంటే ఆ ముక్క అనేలోపే పక్క లైన్‌కి వెళ్ళిపోతాడు, ఒకవేళ చెప్పినా సాకులు అంటాడు. ఇంక మేమేం అనాలి, ఆయ్ అంటాం. కాదు అనడానికి లేని చోట అది సరే ఎలా అవుద్దండీ? చప్టా గారు చెప్పింది నాకు తగిలింది.

ఎటకారం అంటారా, అదీ ఉంది, లేదనను. ఆయ్‌ని సాగదీసి పక్కనున్నదాని మొహం చూశామంటే ఎటకారమే, నాలుగు రోజులు వింటే మీకే తెలిసిపోద్ది. మామూలుది పొట్టిగా ఉంటది, పని మీద నుంచి తల ఎత్తకుండా అంటాం.

వరంగల్ సారూ, "అయిపోవాలి" అనకండి. "ఎన్నింటికి అవుద్ది?" అని అడిగి అక్కడే ఆగండి. దానికి ఆయ్ అనలేం, టైం చెప్పాలి, అవ్వకపోతే ఎందుకవ్వదో కూడా అప్పుడే చెప్తాం.

ఓరుగల్లు పోరడు
చెల్లే, ఇయ్యాల గట్లనే అడిగిన. ముందు ఎవ్వరూ మాట్లాడలే, తర్వాత ఒక పెద్దమ్మ "ఆరు అవుద్దండి, ఐస్ లారీ రాలేదు" అన్నది. ఐస్ కోసం స్టోర్‌కు నేనే ఫోన్ చేసిన, ఆరుకు చూస్తా అని ఆమెకు చెప్పిన.

కొబ్బరాకు
ఆరింటికి చూస్తా అన్నప్పుడు ఆవిడ ఏమన్నారు?

ఓరుగల్లు పోరడు
ఆయ్ అన్నది. పావు తక్కువ ఆరుకే అయిపోయింది.

కొబ్బరాకు
నేను మొదట్నుంచీ చెప్తుంది ఆ ఆయ్ గురించేనండి.

లంకల పిల్ల
అవునండి, కానీ టైం ఆవిడ చెప్పింది కదా.