మైలుతుత్తం: ఆ ‘మైలు’ ఎక్కడిది?

నిన్న గుంపులో ఒకరు ఖనిజాల ప్రదర్శనకు తెలుగు చీటీలు రాస్తూ, కాల్కాంథైట్ అనే నీలి రాగి ఖనిజాన్ని మనం ఏమనాలని అడిగారు. ఒకరు ‘తామ్రపుష్పం’ అన్నారు. ఇంకొకరు, "అది మన మైలతుత్తమే కదండీ, కానీ చీటీ మీద మైల అని రాస్తే ఏం బాగుంటుంది?" అన్నారు. ఈ రెండో మాట చదివాక ఊరుకోలేక రాస్తున్నాను. ఆ పేరులో మైల లేదు. అంటు, మురికి, పురుడు, చావు, వీటితో దానికి ఏ సంబంధమూ లేదు. అందులో ఉన్నది నెమలి.

తమిళంలో నెమలిని మయిల్ అంటారు, ఈ నీలి ఉప్పును, అంటే కాపర్ సల్ఫేట్‌ను, మయిల్‌తుత్తం అంటారు. కన్నడంలో ఇది మైలుతుత్త. మరాఠీవాళ్లు మోర్‌చూద్ అంటారు, గుజరాతీవాళ్లు మోర్‌థూథు అంటారు. అక్కడ మోర్ అన్నా నెమలే. సంస్కృతంలోనూ అంతే. అమరకోశం తుత్థాంజనం, శిఖిగ్రీవం, వితున్నకం, మయూరకం అని వరసగా పర్యాయపదాలు ఇస్తుంది. శిఖిగ్రీవం అంటే నెమలి మెడ. పలుకు మైలుతుత్తాన్ని ఎండలో పట్టుకుని చూసినవాళ్లకు ఈ పేరు ఎందుకు వచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. ఆకాశం నీలం, సిరా నీలం ఏదీ దానికి సరిపోదు. నెమలి మెడ మీద మెరిసే నీలమే అది.

మరి తెలుగులో తికమక ఎందుకొచ్చింది? మనకు పక్షి పేరు నెమలి, కావ్యాల్లో నెమ్మి. మయిలు అనే మాట మన నోట లేదు. కన్నడంలోనూ నెమలి నవిలే, మయిలు కాదు. అయినా ఇద్దరికీ ఈ మందు పేరులో మాత్రం మయిలు మిగిలిపోయింది. నా ఉద్దేశంలో ఇది తమిళం వైపు నుంచి మూలికలు, మందు దినుసులు అమ్మేవాళ్లతో పాటు వచ్చిన పేరు. అర్థం తెలియని ‘మైలు’ పక్కనే, అందరికీ తెలిసిన ‘మైల’ ఉంది. నాలుక దానివైపు జారింది. మయిలుతుత్తం, మైలుతుత్తం, మైలతుత్తం మూడూ వినిపిస్తాయి. మొదటి రెండింటిలో నెమలి కనిపిస్తుంది, మూడోదానిలో మాయమైపోతుంది. అందుకే రాసేటప్పుడైనా ‘లు’ పెట్టమని నా కోరిక.

‘తుత్తం’ కథ ఇంకా పెద్దది. సంస్కృత తుత్థం, హిందీ నీలాథోథా, తూతియా, అరబ్బీ పారసీక తూతియా, అన్నీ ఒక కుటుంబమే. అయితే అరబ్బీ వైద్యంలో తూతియా అంటే ఎక్కువగా జింకు భస్మం, కంటిమందు. హిందీలో అదే మాట రాగి ఉప్పుకు వాడతారు. అమరకోశంలోని తుత్థాంజనంలో అంజనం ఉంది చూడండి, అదీ కంటికి పెట్టేదే. రెండూ కంటిమందులు కావడం వల్లే పేరు జింకుకూ రాగికీ మధ్య తిరిగిందని నాకు అనిపిస్తుంది. మనం జింకును తుత్తునాగం అంటామని గుర్తు చేసుకుంటే ఆ చుట్టరికం మన ఇంట్లోనే దొరుకుతుంది.

ఇక తామ్రపుష్పం. అనువాదంగా తప్పు లేదు. గ్రీకులో ఖాల్కోస్ అంటే రాగి, ఆంథోస్ అంటే పువ్వు. ఖనిజానికి కాల్కాంథైట్ అని పేరు స్థిరపరచింది 1853లో జర్మన్ శాస్త్రవేత్త ఫాన్ కోబెల్, కానీ మాట చాలా పాతది. 1వ శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ, స్పెయిన్‌లో దీన్ని తీసే పద్ధతి రాశాడు. ఈ ఉప్పు కరిగి ఉన్న నీళ్లలోకి రాళ్లు కట్టిన తాళ్లు వేలాడదీస్తే, వాటికి ద్రాక్షగుత్తుల్లా పలుకులు పట్టేవట, చూస్తే గాజు అనుకునేవారట. గ్రీకులు దీన్ని ఖాల్కాంథోన్ అంటారని చెప్పిందీ ఆయనే. అందమైన పేరే, కాదనను. కానీ అది వాళ్లు చూసిన పువ్వు. మనకు వందల ఏళ్లుగా వాడుకలో ఉన్న పేరును పక్కన పెట్టి దాన్ని అరువు తెచ్చుకోవడం ఎందుకు?

వాడుక అని ఊరికే అనడం లేదు. మా తాతయ్యకు నిమ్మతోట ఉండేది. చెట్ల తెగుళ్లకు చల్లే బోర్డో మిశ్రమం కలిపే రోజు ఇనప బకెట్ దగ్గరికి రానిచ్చేవాడు కాదు, అంతా మట్టి తొట్లలోనే. నూరు లీటర్ల నీళ్లకు కిలో మైలుతుత్తం, కిలో సున్నం. కలిపాక చాకు ముంచి తీసేవాడు. చాకు మీద ఎర్రటి పొర పడితే "రాగి ఎక్కింది, సున్నం చాల్లేదు" అని ఇంకా సున్నపు నీళ్లు పోయించేవాడు. ఇనుము, ద్రావణంలోని రాగిని బయటికి లాగుతుందని నేను బడిలో చదువుకున్నది చాలా ఏళ్ల తర్వాత. పుస్తకాలు కుట్టేవాళ్లూ మైదా జిగురులో పురుగు పట్టకుండా ఇదే వేస్తారు. ఇంతమంది నోట ఉన్న మాటకు కొత్త సంస్కృత సమాసం అక్కర్లేదు.

ఒక్క తేడా మాత్రం చీటీలో చెప్పాలి. కొట్లో దొరికేది తయారుచేసిన మైలుతుత్తం. ప్రకృతిలో పుట్టింది అరుదు, ఎందుకంటే ఇది నీళ్లలో కరిగిపోతుంది, వాన పడే చోట నిలవదు. చిలీలోని చుకికమాటా లాంటి ఎడారి గనుల్లోనో, పాత గనుల గోడల మీదో పేరుకుంటుంది. అమ్మకానికి వచ్చే పెద్ద పెద్ద నీలి పలుకుల్లో చాలావరకు ఇంట్లో పెంచినవే, కాబట్టి ప్రదర్శనలో పెట్టబోయేది ఎలాంటిదో కనుక్కోండి.

నేనైతే ఇలా రాస్తాను: "కాల్కాంథైట్. సహజ మైలుతుత్తం. మైలు అంటే తమిళంలో నెమలి, రంగును బట్టి వచ్చిన పేరు. విషం, తాకవద్దు." చోటు చాలకపోయినా నెమలి వాక్యం మాత్రం తీసేయకండి.