మార్చి మొదట్లో కుక్కతో లేక్ ఒడ్డున టెంట్: డాలస్ దగ్గర ఎక్కడ వేసుకోవాలి?

ప్రశ్న: అందరికీ నమస్కారం. మార్చి తొలి వారంలో నేనూ మా ఆవిడా రెండు రాత్రులు టెంటులో గడపాలనుకుంటున్నాం. గుంటూరు నుంచి తెచ్చుకున్న మా నాటు కుక్క కూడా వస్తుంది. అలికిడైతే చాలు, మొరుగుతుంది. దానివల్ల పక్కవాళ్లకు, వాళ్లవల్ల దానికి ఇబ్బంది లేని చోటు కావాలి. రే రాబర్ట్స్ లేక్ స్టేట్ పార్కు బాగుంటుందని విన్నాం. నిజమేనా?

జవాబు: మంచి చోటేనండీ. అయితే లేక్ కంటే సైటు, అంటే టెంటు వేసుకునే జాగా, ఎంపికే ముఖ్యం. ముందు పార్కు మ్యాపులో పడవలు దింపే ర్యాంపు ఎక్కడుందో చూసి, దానికి వీలైనంత దూరం జరగండి. వసంతం మొదట్లో బాస్ చేపలు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు చేరతాయి. వాటికోసం గాలాలు వేసేవాళ్లు తెల్లవారకముందే వచ్చేస్తారు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నిశ్శబ్ద వేళలని నియమం ఉన్నా, వాళ్ల పడవల ట్రైలర్ గొలుసు గలగలమంటే మీ కుక్క ఊరుకోదు.

రెండోది, స్నానాల గదికి వెళ్లే దారి పక్కన సైటు తీసుకోకండి. అర్ధరాత్రి టార్చిలైటుతో ఎవరో ఒకరు నడుస్తూనే ఉంటారు. కరెంటు ఉన్న సైట్లలో పెద్ద బండ్లు ఆగుతాయి కాబట్టి, కారు వదిలి సామాను మోసుకుంటూ వెళ్లాల్సిన టెంటు సైట్లే మీకు నయం. అందులోనూ చివరిది దొరికితే ఇంకేం కావాలి!

అడిగినవారు: చాలా థాంక్సండీ. అక్కడ కుక్కను పొడవాటి తాడుతో చెట్టుకు కట్టేసి మేం అలా నడిచి రావచ్చా?

జవాబు: వద్దండీ. టెక్సాస్ స్టేట్ పార్కుల్లో కుక్కను ఒంటరిగా వదలకూడదు. పట్టీ 6 అడుగులకు మించకూడదు. ఈతకు కేటాయించిన బీచిలోకి, భవనాల్లోకి కుక్కలను రానివ్వరు. నడకకు దాన్నీ తీసుకెళ్లండి, అలసిపోతే రాత్రి మొరుగుడూ తగ్గుతుంది. టెంటుకు దారివైపు ఒక దుప్పటి తెరలా కట్టండి. మనుషులు కనబడకపోతే సగం గొడవ ఉండదు.

ఇంకొకరు: గాలి సంగతి ఎవరూ చెప్పలేదు, నాకు అదే పెద్ద విషయం. మార్చిలో పగలు చొక్కా చాలనిపిస్తుంది, ఇంతలో ఉత్తరం నుంచి చలిగాలి దిగుతుంది. నీళ్ల మీదుగా వచ్చే ఆ గాలికి ఎదురుగా టెంటు వేస్తే రాత్రంతా గుడ్డ కొట్టుకుంటూనే ఉంటుంది, మనిషికీ కుక్కకూ నిద్ర ఉండదు. అక్కడి పోస్ట్ ఓక్ చెట్లు అప్పటికి ఇంకా మోడుల్లా ఉంటాయి, గాలిని ఆపలేవు. ఉత్తరం వైపు సీడర్ చెట్ల గుబురు ఉన్న చోటు వెతకండి, అవి ఏడాదంతా పచ్చగా ఉంటాయి. తల పైకెత్తి ఎండుకొమ్మలు లేవని చూసుకున్నాకే మేకులు కొట్టండి.

మీది పొట్టి వెంట్రుకల కుక్క. చలి పైనుంచి కంటే నేలనుంచే ఎక్కువ లాగుతుంది, కనుక దాని పడక కింద ఒక ఫోమ్ చాప వేయండి. ఎండ పడ్డ బాటల మీదికి కాపర్‌హెడ్ అనే విషపు పాములు వచ్చే రోజులు కూడా ఇవే, పొదల్లో ముక్కు పెట్టనివ్వకండి. దోమల వల్ల వచ్చే గుండె పురుగులకు నెలనెలా ఇచ్చే మాత్ర మానకండి.

అడిగినవారు: ఇన్ని సంగతులు మాకు తట్టనే లేదు. ఏ రోజులకు బుక్ చేసుకోమంటారు?

జవాబు: సోమవారం వెళ్లి బుధవారం వచ్చేయండి. మార్చి మధ్యలో బడులకు, కాలేజీలకు వసంతం సెలవులు మొదలైతే ఖాళీ సైటు దొరకడమే గగనం, ఆ లోపే వెళ్లి రండి. సైట్లు అయిదు నెలల ముందునుంచే బుక్ చేసుకోవచ్చు కాబట్టి మంచివి ముందే అయిపోతాయి. ఈ రాత్రే చూడండి. బయల్దేరే ముందురోజు ఉరుముల హెచ్చరిక ఏమైనా ఉందేమో చూసుకుని, ఉంటే వాయిదా వేసుకోండి. సామాను మోసుకెళ్లే సైటు కదా, పిడుగులు పడుతుంటే కారు దాకా రావడం కష్టం.