పై అంతస్తులో ముప్పై పిల్లులు: ఏ చట్టం కింద అడగాలి?

ప్రశ్న: మా పై అంతస్తులో ఒక పిన్నిగారు ఒంటరిగా ఉంటారు. కనిపించిన పిల్లికూననల్లా ఇంటికి తెచ్చుకుంటారు. ఇప్పుడు రెండు గదుల్లో ముప్పైకి పైగానే ఉన్నాయి. కొన్నిటికి ఎముకలు తేలాయి, కళ్లు పుసులు కట్టాయి. స్టేషనుకు వెళితే, "ఆవిడ వాటిని కొట్టడం లేదు కదా, మేమేం చేస్తాం?" అన్నారు. ఇక దారి లేదా?

జవాబు: ఉందండీ. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టంలో హింస అంటే కొట్టడం ఒక్కటే కాదు. 11(1)(హెచ్) సెక్షను ప్రకారం యజమాని చాలినంత తిండి, నీరు, నీడ ఇవ్వకపోవడమూ నేరమే. అయితే ఇన్నింటికి మించి పెంచకూడదని ఆ చట్టం ఎక్కడా అనదు. కాబట్టి ఫిర్యాదులో లెక్క కంటే ఏ పిల్లి ఏ స్థితిలో ఉందో ముందు రాయండి. పశువైద్యుడి మాట తోడైతే బలం.

పోలీసుల ఇబ్బందీ కొంత నిజమే. 31వ సెక్షను ప్రకారం ఈ నేరంలో మేజిస్ట్రేట్ ఉత్తర్వు లేనిదే వారు దర్యాప్తు చేయలేరు. కానీ 34వ సెక్షను కింద కానిస్టేబుల్ కంటే పై హోదా ఉన్న అధికారి ఆ జంతువులను స్వాధీనం చేసుకుని పరీక్షకు పంపవచ్చు. ఆ సెక్షను పేరెత్తి అడగండి. ఫోటోల మీద తేదీలు ఉండాలి. నేరం జరిగిన మూడు నెలలు దాటితే కేసు వేయడం కుదరదు.

ప్రశ్న: ఆవిడకు శిక్ష పడాలని మాకు లేదండీ.

జవాబు: మొదటిసారి శిక్ష 10 నుంచి 50 రూపాయల జరిమానా. సున్నాలేవీ రాలిపోలేదు, అంతే! మీకు పనికొచ్చేది 35వ సెక్షను: మేజిస్ట్రేట్ ఆ పిల్లులను చికిత్సకు, సంరక్షణకు పంపించవచ్చు.

మరొకరి జవాబు: అన్నిటినీ ఒక్కసారిగా తరలిస్తే ఆవిడ మళ్లీ తెచ్చుకోవడం మొదలుపెడతారు. ఇలా పోగుచేయడం మానసిక సమస్య కావచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేసి సలహా అడగండి. ఆవిడ చూసుకోగలిగిన రెండు మూడు పిల్లులకు కుటుంబ నియంత్రణ ఆపరేషను చేయించి ఆవిడ దగ్గరే ఉంచండి. అపార్ట్‌మెంట్ సంఘం చేత "పెంపుడు జంతువులు నిషేధం" అని తీర్మానం మాత్రం చేయించకండి. జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాలు అందుకు ఒప్పుకోవు, పైగా ఆవిడ తలుపు తీయడమే మానేస్తారు.