క్రౌన్ పినియన్ మార్చితే హైవే మీద ఇంజిన్ అరుపు తగ్గుతుందా?

ఎత్తుగేరు (ప్రశ్న):

నాది పాత ఆరు చక్రాల హెవీ ట్రక్కు. సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, నా చేతికి వచ్చి రెండేళ్లవుతోంది. ఆరు గేర్లు, టాప్ గేర్ డైరెక్ట్ (ఇంజిన్ ఒక చుట్టుకి షాఫ్టూ ఒక చుట్టే), ఓవర్‌డ్రైవ్ (ఇంజిన్ కంటే షాఫ్ట్ వేగంగా తిరిగే గేరు) లేదు. టైర్లు 10.00-20. వెనక ఇరుసు హౌసింగ్ మీది రేకు ప్లేటులో రేషియో 6.17 అని ఉంది, అంటే గేర్‌బాక్సు నుంచి వచ్చే షాఫ్ట్ చివరి చిన్న పళ్ల చక్రం పినియన్‌కి 6 పళ్లు, అది తిప్పే పెద్ద పళ్ల చక్రం క్రౌన్‌కి 37. పోయేటప్పుడు ట్రెయిలర్ తగిలించి మెషిన్లు లాగుతాను, వచ్చేటప్పుడు ఎక్కువగా ఖాళీ.

బాధ ఏంటంటే, ఖాళీ బండి మీటరు మీద 70 చూపించేసరికి ఇంజిన్ నిమిషానికి 2250 చుట్లు తిరుగుతుంది. పక్కన కూర్చున్నవాడితో మాట్లాడాలంటే అరవాలి. మైలేజీ లెక్క వేస్తే కడుపు మండుతోంది, లోడూ ఖాళీ కలిపి లీటరుకి 3 కిలోమీటర్లు. అందుకే 7/37 వేయిద్దామనుకుంటున్నాను, అది 5.29. తెలిసిన మెకానిక్ ఒకాయన వేస్తే ఏకంగా 4.88 వేసెయ్యమంటున్నాడు. ట్రెయిలర్‌తో ఎత్తు ఎక్కేటప్పుడు ఇప్పటికే టాప్ నిలవదు, ఐదులోకి దింపాల్సిందే. టెన్షన్ అంతా దాని గురించే. మార్చి చూసినవాళ్లు చెప్పండి.

దీనికి సంబంధం ఉందో లేదో గానీ ఇంకోటి. నేను ఎప్పుడూ వెళ్లే ట్రిప్పు అందరూ 350 కిలోమీటర్లంటారు, నా మీటరులో 300 తిరుగుతుంది. కేబుల్ పాతబడిపోయి ఉంటుంది.

లెక్కలమాస్టారు:

ముందు లెక్క చూడండి. మీ టైరు ఒక చుట్టుకి దాదాపు 3.2 మీటర్లు నడుస్తుంది. 70 స్పీడులో చక్రం నిమిషానికి 365 చుట్లు. 6.17తో గుణిస్తే 2250, మీరు చెప్పిందే వచ్చింది. 5.29 వేస్తే 1930 చిల్లర, 4.88 వేస్తే 1780. ఇంజిన్ చుట్లు 14 శాతం తగ్గితే అదే గేరులో చక్రం దగ్గర లాగే బలం కూడా 14 శాతం తగ్గుతుంది. ఒకటి కావాలంటే ఇంకోటి వదులుకోవాలి. నేనైతే 5.29 దగ్గర ఆగుతాను.

కాలినక్లచ్:

4.88 జోలికి పోకండి. నేను పోయాను. ఖాళీ బండి పడవలా తేలిపోయింది, వారం రోజులు సంబరపడ్డాను. తర్వాత లోడు ఎక్కింది. కాస్త ఎత్తుకే ఐదు, ఇంకాస్త ఎత్తుకి నాలుగు, టాప్ గేర్ ఉందన్న మాటే మర్చిపోయాను. డీజిల్ మిగలకపోగా ఎక్కువైంది. అసలు దెబ్బ లోడుతో ఎత్తు మీద ఆగి మళ్లీ కదిలేటప్పుడు. ఫస్ట్ గేరు కూడా పొడుగైపోతుంది కదా, బండి కదిలేదాకా క్లచ్‌ని జార్చుకుంటూ ఉండాలి. ఆ కాలిన వాసన ఇంకా నా ముక్కులోనే ఉంది. నా పేరు అలా వచ్చిందే.

రెండూ కావాలంటే క్రౌన్ ముట్టుకోకుండా ఓవర్‌డ్రైవ్ ఉన్న గేర్‌బాక్సు చూడండి. 0.8 ఓవర్‌డ్రైవ్ పడితే హైవే మీద మీ 6.17 కాస్తా 4.93లా నడుస్తుంది. ఫస్ట్ గేర్ రేషియో తగ్గకుండా చూసుకుంటే కదిలే బలం ఎక్కడికీ పోదు. కానీ ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు, మౌంటింగులు, క్లచ్ ప్లేటు స్ప్లైన్లు (షాఫ్ట్ మీద కూర్చునే గాడులు) అన్నీ సరిచూసుకోవాలి. అది చిన్న పని కాదు.

బ్లూపూత:

ఇరవై ఏళ్లు హౌసింగ్ పనే చేశాను. అందరూ రేషియో దగ్గర కొట్టుకుంటున్నారు గానీ, ఆ చివరి మాట ఎవరూ పట్టించుకోలేదు. 350కి 300.

కేబుల్ పాతదైతే ముల్లు ఊగుతుంది, లేదంటే తెగి ఊరుకుంటుంది. ప్రతి ట్రిప్పుకీ ఇలా లెక్కగా ఏడో వంతు మింగదు తమ్ముడూ. నీ మీటరు కేబుల్ గేర్‌బాక్సు వెనక నుంచి వస్తుంది. అది లెక్కపెట్టేది షాఫ్ట్ చుట్లు, చక్రం చుట్లు కాదు. 6/37కి సరిపెట్టిన మీటరు మీద ఎవరైనా 7/37 వేస్తే అసలు దూరంలో ఏడింట ఆరు వంతులే చూపిస్తుంది. 350కి సరిగ్గా 300. మాస్టారి లెక్కలో 2250 వచ్చింది కదా అనకు. మీటరూ ఇంజినూ చూసేది ఒకే షాఫ్టు, వెనక ఏ క్రౌన్ ఉన్నా ఆ రెండూ ఒకే మాట చెబుతాయి.

నాకు తెలిసి నువ్వు వేయిద్దామనుకుంటున్న సెట్టు నీ బండిలో ఇప్పటికే ఉంది. ప్లేటు మారదు, లోపలి పళ్లు మారతాయి. హౌసింగ్ విప్పకుండానే తేల్చుకోవచ్చు. ట్రెయిలర్ విప్పేసి సమంగా ఉన్న చోట ఆపు. ముందు చక్రాలకి రెండు వైపులా దిమ్మలు పెట్టు. వెనక ఒక పక్క మాత్రమే జాకీ ఎత్తి స్టాండ్ పెట్టు. న్యూట్రల్, హ్యాండ్ బ్రేకు వదిలెయ్. చక్రం మీదా, షాఫ్ట్ మీదా చాక్‌పీసుతో గీతలు గియ్యి. రెండో చక్రం నేల మీద కదలకుండా ఉంది కాబట్టి, ఎత్తిన చక్రం రెండు చుట్లు తిరిగితే క్రౌన్ తిరిగేది ఒక్కటే. 12 చుట్లకి షాఫ్ట్ 37 తిరిగితే 6/37. 14 చుట్లకి 37 అయితే నేను చెప్పినదే.

ఆ తర్వాత కూడా మారుస్తానంటే క్రౌన్, పినియన్ జతగానే తీసుకో. రెండింటి మీదా ఒకే నంబరు చెక్కి ఉంటుంది, వేరే జతలోది కలిపితే ఎంత సెట్ చేసినా కూత పోదు. బిగించాక పళ్లకి బ్లూ (అచ్చు చూసే నీలి రంగు) రాసి తిప్పించి నీ కళ్లతో చూడు. అచ్చు పన్ను మధ్యలో పడాలి. అంచుకి జారి పడితే ఆ మెకానిక్ ఎంత నచ్చజెప్పినా ఒప్పుకోకు, షిమ్ములు (సందు సరిచేసే పల్చటి రేకులు) మార్చి మళ్లీ సెట్ చేయించు. కొత్త పళ్ల మీద మొదటి రోజే ట్రెయిలర్ తగిలించకు.

ఎత్తుగేరు:

బ్లూపూత గారూ, మీకో దండం. ఈ ఉదయం చూశాను. చక్రం నేను తిప్పాను, మా తమ్ముడు పక్కన కూర్చుని షాఫ్ట్ చుట్లు లెక్కపెట్టాడు. 12కి చూస్తే ఇంకా 31, 32 మధ్యలో ఉంది. 14 పూర్తయ్యేసరికి గీత మొదలుపెట్టిన చోటికే వచ్చి నిలబడింది, 37. నమ్మలేక ఇంకోసారి తిప్పాం.

అంటే నేను 70 అనుకున్నది దాదాపు 82. ఇంజిన్ అరవదా మరి! ట్రెయిలర్‌తో 60లో జాగ్రత్తగా పోతున్నాననుకుని 70లో పోయిన రోజులు గుర్తొచ్చి ఒళ్లు చల్లబడింది. మైలేజీ కూడా 3 కాదు, 3.5. ఇంతకీ ఇప్పుడేం చెయ్యమంటారు? పాత 6/37కే పోవాలా?

బ్లూపూత:

ఇప్పుడే ఏదీ కొనకు. ముందు స్పీడో సరిచేయించు. అప్పటిదాకా మీటరు మీద 56 దాటనివ్వకు, అది అసలు 65, ఇంజిన్ 1800 లోపు. 82 నుంచి 65కి దిగితే బండికి ఎదురయ్యే గాలి ఒత్తిడి మూడో వంతుకు పైగా పోతుంది. అలా నెల రోజులు నడిపి, ట్రెయిలర్ ఉన్న రోజుల్లో టాప్‌లో ఎంతసేపున్నావో, ఐదులో ఎంతసేపున్నావో ఒక పుస్తకంలో రాసుకో. ఐదులోనే ఎక్కువుంటే 6/37 మాట అప్పుడు మాట్లాడుకుందాం. ఆ పుస్తకం ఫొటో ఇక్కడ పెట్టు.