బిల్డ్ ఫోల్డర్ తుడిచేస్తే లింకర్ తప్పు పోయింది. ఇది పరిష్కారమేనా?

రవ్వట్టు, సోమవారం రాత్రి 9.40
మా బాబాయికి తెనాలిలో ఎరువుల దుకాణం ఉంది. ఆయన కోసం బిల్లులు వేసే చిన్న ప్రోగ్రాం రాస్తున్నాను. తెరపై విండోలు చూపించే క్యూటీ 5 లైబ్రరీ, సీ ప్లస్ ప్లస్ భాష, నా కంప్యూటర్‌లో ఉబుంటు లినక్స్. నిన్నటి వరకు బాగానే నడిచింది. బిల్లు సేవ్ కాగానే పక్కనున్న పట్టిక కూడా మారాలని బిల్‌విండో క్లాసులో ఒక సిగ్నల్ (ఫలానాది జరిగిందని మిగతా భాగాలకు చెప్పే కబురు) పెట్టి, దానికి క్యూటీ కోరే క్యూ_ఆబ్జెక్ట్ మాక్రో క్లాసు మొదట్లో చేర్చాను. అప్పటి నుంచి లింకర్ (కంపైలైన ముక్కలను కలిపి ప్రోగ్రాం చేసేది) ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ టు వీటేబుల్ ఫర్ బిల్‌విండో’ అంటోంది. వీటేబుల్ అనే మాట నా కోడ్‌లో ఎక్కడా లేదు! ఒక మిత్రుడు చెబితే బిల్డ్ ఫోల్డర్ (కంపైలర్ తయారుచేసిన ఫైళ్లు ఉండేది) మొత్తం తుడిచేసి మళ్లీ కట్టాను. తప్పు పోయింది. ఎందుకు వచ్చిందో తెలియదు, ఎందుకు పోయిందో తెలియదు. ఇలా చేయడం సరైన పద్ధతేనా?

ఈతచెట్టు
నేను పదేళ్లుగా అదే చేస్తున్నాను. పని జరిగింది కదా.

పాతచింత
తాళంచెవి కనబడలేదని ఇల్లు పడగొట్టి మళ్లీ కట్టుకున్నట్టుంది.

ముందు ఒక సంగతి. కంపైలర్ ప్రతి ఫైలునూ విడిగా చూస్తుంది. ఫలానా ఫంక్షన్ ఎక్కడో ఉందని హెడర్ (ప్రకటనలు ఉండే ఫైలు) చెబితే నమ్మి ముందుకు పోతుంది. ఆ ‘ఎక్కడో’ ఎక్కడన్నది తేల్చేది లింకర్. క్యూ_ఆబ్జెక్ట్ మాక్రో మీ క్లాసులో మెటాఆబ్జెక్ట్ వంటి కొన్ని ఫంక్షన్లను ప్రకటించి ఊరుకుంటుంది. వాటి నిర్వచనాలు రాసేది మోక్ అనే పనిముట్టు. ఏయే హెడర్లలో ఆ మాక్రో ఉందో క్యూటీ బిల్డ్ పనిముట్టు క్యూమేక్ తాను నడిచినప్పుడు చూసి, బిల్డ్ సూచనలు ఉండే మేక్‌ఫైల్‌లో రాసిపెడుతుంది. మీరు మాక్రో చేర్చింది ఆ తర్వాత. పాత మేక్‌ఫైల్‌కు ఆ కబురు అందలేదు. ఫోల్డర్ తుడవడం వల్ల క్యూమేక్ మళ్లీ నడవవలసి వచ్చింది, అంతే. నేరుగా దాన్నే ఒకసారి నడిపితే సరిపోయేది.

గోదారిగట్టు
డిస్ట్రక్టర్‌ను (వస్తువు పోయేటప్పుడు నడిచే ఫంక్షన్‌ను) ప్రకటించి, రాయడం మరిచారేమో చూడండి. వీటేబుల్ తప్పుకు అసలు కారణం అదే.

పాతచింత
ఇక్కడ అది కాదు. వీటేబుల్ అంటే క్లాసులోని వర్చువల్ ఫంక్షన్ల (దాని నుంచి పుట్టిన క్లాసులు మార్చుకోగల ఫంక్షన్ల) పట్టిక, దాన్ని కంపైలరే తయారుచేస్తుంది. ఇన్‌లైన్ కాని, శుద్ధ వర్చువల్ కాని మొదటి వర్చువల్ ఫంక్షన్ ఏదో జీసీసీ కంపైలర్ చూస్తుంది. దాని నిర్వచనం ఏ ఫైలులో ఉంటే వీటేబుల్ ఆ ఫైలులోకి వెళ్తుంది. క్యూ_ఆబ్జెక్ట్ క్లాసు మొదట్లోనే ఉంది కాబట్టి ఆ మొదటి ఫంక్షన్ మెటాఆబ్జెక్ట్. అది మోక్ రాసే ఫైలులో ఉండాలి. ఆ ఫైలే పుట్టలేదు, అందుకే వీటేబులూ లేదు. లేనిది డిస్ట్రక్టరే అయితే లింకర్ డిస్ట్రక్టర్ పేరే చెప్పి ఉండేది.

గోదారిగట్టు
2014లో నాకు అచ్చంగా ఇదే తప్పు వచ్చింది. రెండు రోజులు నిద్ర లేదు. డిస్ట్రక్టర్ రాశాను, పోయింది. నేను అబద్ధం చెబుతున్నానా?

పాతచింత
మీ క్లాసులో క్యూ_ఆబ్జెక్ట్ ఉందా?

గోదారిగట్టు
గుర్తు లేదు. డిస్ట్రక్టర్ మాత్రం గుర్తుంది.

మేడమీదగది
పాతచింత గారూ, మీ వివరణ బాగుంది. కానీ ఆయనకు కావలసింది ఎరువుల బిల్లు. క్యూమేక్ నడపడానికి అర నిమిషం, ఫోల్డర్ తుడిచి కట్టడానికి రెండు నిమిషాలు. ఆ నిమిషంన్నర మిగలడానికి ఇంత పాఠమా? పాత ఆబ్జెక్ట్ ఫైళ్లు మిగిలిపోయినా, హెడర్ మారినా దాన్ని వాడే ఫైలు తిరిగి కంపైల్ కాకపోయినా, మేక్‌ఫైల్ పాతబడినా మందు ఒకటే. బిల్డ్ ఫోల్డర్ ఉన్నదే పారేయడానికి. దాన్ని సొంత కోడ్‌తో కలపకుండా వేరుగా పెట్టుకునేది ఎందుకనుకున్నారు?

పాతచింత
‘మందు ఒకటే’ అన్నారు చూడండి, అక్కడే వచ్చింది తంటా. లైబ్రరీల వరుస తప్పితే ఏం చేస్తారు? జీఎన్‌యూ లింకర్ స్టాటిక్ లైబ్రరీలను (ప్రోగ్రాంలోనే కలిసిపోయేవాటిని) ఎడమ నుంచి కుడికి చదువుతూ పోతుంది. అప్పటిదాకా ఎవరైనా అడిగిన పేర్లు ఉన్న ముక్కలనే తీసుకుంటుంది. లైబ్రరీని ముందు రాసి, దాన్ని వాడే ఫైలును తర్వాత రాస్తే, ఫోల్డర్‌ను వందసార్లు తుడవండి, తప్పు కదలదు. ఉబుంటు 11.10 నుంచి యాజ్-నీడెడ్ (అవసరమైన లైబ్రరీలనే కలుపుకోమనే) ఎంపికను జీసీసీ తనంతట తానే లింకర్‌కు ఇస్తోంది కాబట్టి షేర్డ్ లైబ్రరీలకూ (ప్రోగ్రాం నడిచేటప్పుడు కలిసేవాటికీ) ఈ పట్టింపు వచ్చింది. ప్యాకేజీ-కాన్ఫిగ్ అనే పనిముట్టు ఇచ్చే జీటీకే (క్యూటీ లాంటిదే) లైబ్రరీలను ఫైలు పేరుకు ముందు రాసి, నిన్న నడిచింది ఇవాళ నడవడం లేదని తల బాదుకున్నవాళ్లను నేను చూశాను.

మేడమీదగది
ఆయన జీటీకే వాడటం లేదు.

పాతచింత
వాడుతున్నారని నేను అనలేదు.

నిమ్మసోడా
పైథాన్‌లో రాసుకోండి. లింకర్ గొడవే ఉండదు.

రవ్వట్టు, గురువారం ఉదయం 7.15
అందరికీ ధన్యవాదాలు. క్యూటీ 6కు మారాను, ఎలాగూ మారాను కదా అని క్యూమేక్ బదులు సీమేక్ కూడా పెట్టుకున్నాను. హెడర్లను ఇన్‌క్లూడ్ ఫోల్డర్‌లోకి, సీపీపీ ఫైళ్లను ఎస్ఆర్‌సీ ఫోల్డర్‌లోకి సర్దాను. మోక్‌ను తనంతట తానే నడిపే ఆటోమోక్ ఆన్ చేశాను. మళ్లీ అదే వీటేబుల్. ఈసారి ఫోల్డర్ నాలుగుసార్లు తుడిచాను. పోలేదు.

పాతచింత
చెప్పానా?

బిల్డ్ ఫోల్డర్‌లో ఆటోజెన్ అని ముగిసే ఫోల్డర్ ఒకటి ఉంటుంది. బిల్‌విండోకు సంబంధించిన మోక్ ఫైలు అందులో ఉందో లేదో చూడండి. లేకపోతే ఎందుకు లేదో ఆలోచించండి. మిగతాది మీకే తెలుస్తుంది.

మేడమీదగది
జవాబు మీకు తెలుసు. ఒక్క వాక్యంలో చెప్పగలరు. చెప్పరు.

నా మొదటి ఉద్యోగంలో మీలాంటి పెద్దాయనే ఒకరు ఉండేవారు. విండోస్‌లో, విజువల్ స్టూడియోలో పని. ఎల్ఎన్‌కే2038 అని తప్పు వచ్చింది, ఇటరేటర్ డీబగ్ లెవెల్ 0, 2తో సరిపోలడం లేదని. ఆయన దగ్గరకు వెళ్తే ‘ఎదురుగా రాసి ఉంది, చదువు’ అని తెర వైపు వేలు చూపించి టీ తాగడానికి వెళ్లిపోయారు. నాలుగు రోజులు పట్టింది నాకు. మా ప్రోగ్రాం డీబగ్‌లో (తప్పులు వెతికే రకంగా) కడుతున్నాం, వేరే జట్టు ఇచ్చిన లైబ్రరీ రిలీజ్‌లో (వాడకందారులకు ఇచ్చే రకంగా) కట్టింది. ఇంతే. ఆ నాలుగు రోజులకూ నాకు పనిలో వెనకబడ్డావని మాట పడింది, ఆయనకు కాదు.

పాతచింత
కానీ అది నిజంగానే ఎదురుగా రాసి ఉంది కదండీ. 0కూ 2కూ పొంతన లేదని లింకర్ చెప్పింది.

మేడమీదగది
0 అంటే రిలీజ్ అనీ 2 అంటే డీబగ్ అనీ ఎక్కడ రాసి ఉంది?

ఈతచెట్టు
ఇది న్యాయమైన ప్రశ్న.

పాతచింత
సరే, నా సంగతీ వినండి. నేనూ టీ తాగడానికి వెళ్లే మనిషినే అనుకుంటున్నారు. పదకొండేళ్లు ఒక ఆఫీసులో అందరి బిల్డులూ బాగుచేశాను. అది నా ఉద్యోగం కాదు, ఎవరూ అప్పగించలేదు, జీతంలో లెక్క లేదు. మా చెల్లెలి పెళ్లిలో తలంబ్రాల వేళ ఫోను. పందిరి వెనక నిలబడి లైబ్రరీ వరుస చెప్పాను. ‘పోయిందండీ’ అని పెట్టేశాడు. కారణం ఏమిటని అడగలేదు, ఎక్కడా రాసిపెట్టలేదు. మూడు నెలలకు అదే తప్పు, అదే ఫోను, మనిషి వేరు. తుడిచేస్తే పోయిందని మీరంతా సంతోషంగా చెబుతుంటే నాకు ఆ ఫోనే వినిపిస్తుంది. మీకు పోతుంది. వచ్చి పడేది నా దగ్గర.

మేడమీదగది
ఇది సోమవారమే చెప్పి ఉంటే వరుస గురించి, జీటీకే గురించి ఇంత వాదన ఉండేది కాదు. మీ కోపం ఆ ఆఫీసు మీద. తీర్చుకుంటున్నది తెనాలిలో ఎరువుల బిల్లు కోసం తిప్పలు పడుతున్న పిల్లవాడి మీద.

పాతచింత
కావచ్చు. అయినా నా మాట నాదే. సాయం తీసుకున్నవాడు కనీసం ఒక్క వాక్యం నేర్చుకుని వెళ్లాలి.

మేడమీదగది
ఆ ఒక్క వాక్యం ముందు మీరు చెబితే కదా! నేర్చుకోవాలా వద్దా అన్నది ఆయన ఇష్టం. అది సాయానికి మీరు కట్టే ధర కాకూడదు.

పాతచింత
ఇక్కడ మనకు కుదరదు.

రవ్వట్టు గారూ, ఆటోమోక్ మీ టార్గెట్‌లో (కట్టాల్సిన ప్రోగ్రాం కింద) పేర్కొన్న ఫైళ్లను చూస్తుంది. బిల్‌విండో సీపీపీ ఉంటే, అదే ఫోల్డర్‌లో అదే పేరున్న హెడర్‌ను కూడా చూస్తుంది. మీరు హెడర్‌ను వేరే ఫోల్డర్‌కు పంపారు, అక్కడిదాకా అది వెళ్లి వెతకదు. సీమేక్ ఫైలులోని యాడ్-ఎగ్జిక్యూటబుల్ జాబితాలో ఆ హెడర్ పేరును దారితో సహా చేర్చండి. ఎప్పుడైనా క్లాసును నేరుగా మెయిన్ సీపీపీలోనే రాస్తే మాత్రం, ఆ ఫైలు చివర మెయిన్.మోక్‌ను ఇన్‌క్లూడ్ చేయాలి. ఇది చెప్పినంత మాత్రాన వాదన ఓడిపోయినట్టు కాదు.

రవ్వట్టు, గురువారం రాత్రి 10.05
హెడర్ పేరు చేర్చాను, నడిచింది. సీమేక్ ఫైలులో ఆ వరుస పైన కారణం తెలుగులోనే వ్యాఖ్యగా రాసుకున్నాను. దాని కోసం ఎవరూ గొడవపడవద్దు. (నేను పిల్లవాడిని కాను, 34 ఏళ్లు.)

ఇంకొకటి. బాబాయి దుకాణంలో ఉన్నది విండోస్. అక్కడ మింగ్‌డబ్ల్యూతో (విండోస్ కోసం ఉన్న జీసీసీతో) కడుతున్నాను. బిల్లు ప్రింటరు అమ్మినవాళ్లు ఒక లిబ్ ఫైలు, హెడర్ ఇచ్చారు. అందులో సీ ప్లస్ ప్లస్ క్లాసులు ఉన్నాయి. ఒక్క ఫంక్షన్ కూడా దొరకడం లేదని లింకర్ అంటోంది. దారి సరిగానే ఇచ్చాను.

మేడమీదగది
ఆ లిబ్‌ను విజువల్ స్టూడియోతో కట్టి ఉంటారు. ఫంక్షన్ల పేర్లకు తోకలు తగిలించే పద్ధతి దానిది వేరు, మింగ్‌డబ్ల్యూది వేరు, అందుకే పేర్లు కలవవు. మీ ప్రోగ్రాంనూ విజువల్ స్టూడియోతోనే కట్టండి, లేదా సీ ఫంక్షన్లతో ఉన్న డీఎల్ఎల్ (విండోస్ షేర్డ్ లైబ్రరీ) ఇమ్మని వాళ్లను అడగండి. ఫోల్డర్ తుడిస్తే ఇది పోదు, నేనే చెబుతున్నాను.

పాతచింత
ఒక్క వాక్యంలో చెప్పలేకపోయారు.

గోదారిగట్టు
ఆ ప్రింటరు క్లాసుకు డిస్ట్రక్టర్ రాశారో లేదో కనుక్కున్నారా?