గామా-హెచ్2ఏఎక్స్ బ్యాండ్ రావడం లేదు: లోపం యాంటీబాడీదేనా?

హన్మకొండ నుంచి ఒక పరిశోధక విద్యార్థిని:
రొమ్ము క్యాన్సర్ కణాలకు ఎటొపొసైడ్ (డీఎన్‌ఏ తెగేలా చేసే క్యాన్సర్ మందు) ఇచ్చి, డీఎన్‌ఏ రెండు పోచలూ తెగినచోట ఏర్పడే గామా-హెచ్2ఏఎక్స్‌ను (ఫాస్ఫేట్ చేరిన హెచ్2ఏఎక్స్ ప్రొటీన్‌ను) వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రొటీన్లను జెల్‌లో విడదీసి, మెంబ్రేన్ మీదికి మార్చి, యాంటీబాడీతో గుర్తించే పద్ధతిలో) చూడాలని రెండు నెలలుగా ప్రయత్నిస్తున్నాను. పోలికకు చూసే యాక్టిన్ ప్రొటీన్ బ్యాండ్ చక్కగా వస్తోంది గానీ, గామా-హెచ్2ఏఎక్స్ ఉండవలసిన 15 కిలోడాల్టన్ల బరువు దగ్గర మెంబ్రేన్ ఖాళీగానే ఉంటోంది. మే నెల ఎండలో హైదరాబాద్ నుంచి పార్సిల్ చేరేసరికి ఐస్ ప్యాకులు పూర్తిగా కరిగిపోయి ఉన్నాయి కాబట్టి యాంటీబాడీ పాడైపోయిందని మా ల్యాబ్‌లో అందరూ అంటున్నారు. మళ్లీ కొనడం నాకు చాలా భారం. కొనే ముందు ఏం పరీక్షించాలో దయచేసి చెప్పగలరు.

కాజీపేట నుంచి ఒక అధ్యాపకురాలు:
యాంటీబాడీలు సాధారణంగా ఒక పూట వేడికే పనికిరాకుండా పోవు కాబట్టి, దాన్ని అప్పుడే పారేయకండి. నా అనుమానం మీ లైసేట్ (కణాలను పగలగొట్టి తీసిన ద్రవం) మీదే ఉంది. హెచ్2ఏఎక్స్ ఒక హిస్టోన్, అంటే క్రోమాటిన్‌ను (డీఎన్‌ఏ, ప్రొటీన్ల కలయికను) అంటిపెట్టుకుని ఉండేది. రీపా బఫర్‌లో (డిటర్జెంట్ ఉన్న ద్రావణంలో) కణాలను పగలగొట్టి, సోనికేట్ చేయకుండా (శబ్ద తరంగాలతో ఛిద్రం చేయకుండా) సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే, యాక్టిన్ పైద్రవంలోకి వచ్చేస్తుంది, హిస్టోన్లు మాత్రం చాలావరకు అడుగున చేరే పెల్లెట్‌లోనే ఉండిపోతాయి. పిపెట్ చివర ముంచి పైకి లాగితే తీగలా సాగే ఆ జిగట ముద్దలోనే మీరు వెతుకుతున్నది ఉండవచ్చు. దాన్ని ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్ ఉన్న శాంపిల్ బఫర్‌లో మరిగించి, సోనికేట్ చేసి, జెల్‌లో వేసి చూడండి. ఇంత చిన్న ప్రొటీన్ 0.45 మైక్రాన్ల మెంబ్రేన్ గుండా దాటిపోగలదు, అందువల్ల 0.2 మైక్రాన్లది వాడడం మేలు. ఇక బ్లాకింగ్‌కు (మెంబ్రేన్ మీది ఖాళీ చోట్లను కప్పడానికి) పాలపొడి బదులు బీఎస్‌ఏ (ఆవు రక్తంలోని ఆల్బుమిన్ ప్రొటీన్) తీసుకోండి. పాలలోని కేసీన్‌కే ఫాస్ఫేట్లు ఉంటాయి కాబట్టి ఫాస్ఫో యాంటీబాడీలతో నేపథ్యం నల్లబడే అవకాశం ఉంది. లైసిస్ సమయంలో సోడియం ఫ్లోరైడ్, ఆర్థోవనడేట్ వంటి ఫాస్ఫటేజ్ (ఫాస్ఫేట్‌ను తీసేసే ఎంజైమ్) నిరోధకాలు కలపడం మరవకండి.

కరీంనగర్ నుంచి ఒక పరిశోధకుడు:
మేడమ్ చెప్పినదానితో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. అయితే బ్యాండ్ వచ్చినంత మాత్రాన అది సరైన బ్యాండేనని నమ్మకూడదు. ఈ యాంటీబాడీ గుర్తించవలసింది ఆ ప్రొటీన్‌లో 139వ అమైనో ఆమ్లమైన సెరీన్ మీది ఫాస్ఫేట్‌ను. విలియం బానర్ బృందం 1998లో వెల్లడించిన మార్పు అదే. మెంబ్రేన్‌లో ఒక ముక్కను లాంబ్డా ఫాస్ఫటేజ్‌లో నానబెడితే ఆ ముక్క మీద బ్యాండ్ మాయం కావాలి. మందు ఇవ్వని కణాలనూ, మొత్తం హెచ్2ఏఎక్స్‌ను చూపే మరో యాంటీబాడీనీ పక్కన పెట్టుకోండి. ఎటొపొసైడ్‌ను ఒకటి రెండు గంటలకు మించి ఉంచవలసిన అవసరం లేదు: కణాలు అపోప్టోసిస్‌లోకి (తమంతట తాము చనిపోయే ప్రక్రియలోకి) వెళ్లినా గామా-హెచ్2ఏఎక్స్ పెరుగుతుంది, అప్పుడు మీరు కొలిచేది మరమ్మతు సంకేతమో, చావు సంకేతమో తేల్చుకోలేరు. నేను మొదట్లో 24 గంటలు ఉంచి, నెలల తరబడి తప్పుదారిలో నడిచాను.

హన్మకొండ విద్యార్థిని:
ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. ఫ్రీజర్‌లో దాచిన పాత పెల్లెట్‌ను నిన్న మరిగించి జెల్‌లో వేశాను. ఎటొపొసైడ్ ఇచ్చిన వరుసలో 15 దగ్గర స్పష్టమైన బ్యాండ్ వచ్చింది, ఇవ్వని వరుసలో లీలగా మాత్రమే ఉంది. ఫాస్ఫటేజ్ పరీక్ష ఈ వారంలోనే చేసి, ఫలితాన్ని ఇక్కడే రాస్తాను.